పాత కారు స్టీరింగ్ లూజయినా, బిగుసుకున్నా తప్పు ఎక్కడుందో పట్టుకునే వరస

స్టీరింగ్ లూజుగా ఉందని చెప్పగానే చాలా షెడ్లలో ముందు చేసే పని ర్యాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) అడ్జస్టర్ కాస్త బిగించడం. దాంతో తగ్గకపోతే చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంట్‌కి పంపడం. ఈ రెండూ చివర చేయాల్సిన పనులు. టై రాడ్ ఎండ్ (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ చివరి కీలు) అరిగిన బండికి ర్యాక్ బిగిస్తే లూజు అలాగే ఉంటుంది, పైగా స్టీరింగ్ బరువెక్కుతుంది. అరిగిన జాయింట్లతో అలైన్‌మెంట్ చేయిస్తే మిషన్ మీద లెక్క కుదురుతుంది, రోడ్డెక్కాక మొదటి గుంతలోనే చెదిరిపోతుంది.

స్టీరింగ్ వీల్ నుంచి టైరు దాకా కదలిక ఒక దారిన వెళ్తుంది. కాలమ్ (వీల్ కింది షాఫ్టు), దాని కింది జాయింట్, ర్యాక్ (లేదా గేర్లున్న స్టీరింగ్ బాక్స్), టై రాడ్లు, నకిల్ (చక్రాన్ని మోస్తూ దాంతోపాటు తిరిగే ముక్క), చక్రం. లూజు అంటే ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఇటుపక్క కదిలినంత అటుపక్క కదలడం లేదని. టైట్ అంటే ఎక్కడో ఒకచోట తిరగాల్సింది పట్టేస్తోందని. ఆ చోటు తెలిసేదాకా పానా పట్టనక్కర్లేదు. తెలుసుకోవడానికి కావాల్సినవి తోడుగా ఒక మనిషి, ఒక జాకీ, రెండు స్టాండ్లు, ఒక టార్చి, మూరెడు పొడవున్న ఇనుప సబ్బల్, ఒక స్కేలు.

ఇక్కడ ఎక్కువగా మారుతి 800ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం. 1983 చివర్లో మొదలై 2014 దాకా తయారైన బండి అది. దాని ర్యాక్, ముందు స్ట్రట్ల (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కాళ్లు) అమరిక చూస్తే ఆ తర్వాత వచ్చిన చిన్న కార్లలో చాలావాటికి అదే పద్ధతి పనికొస్తుంది. అంబాసిడర్, పాత జీపుల్లాంటి వాటిలో తేడా ఉన్నచోట విడిగా చెబుతాం.

ముందు టైర్లు

చాలామంది దాటేసేది ఇదే. ముందు టైర్లలో గాలి తక్కువైతే స్టీరింగ్ బరువెక్కుతుంది, రోడ్డు మీద బండి మెత్తగా పక్కలకు ఊగినట్టు ఉంటుంది. రెండు ఫిర్యాదులకూ కారణం అదొక్కటే కావచ్చు. చల్లగా ఉన్న టైర్లకు, డోర్ స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉన్న లెక్క ప్రకారం గాలి పెట్టించి, ఒకసారి నడిపి చూశాకే మిగతా పని. 800కి వచ్చే అసలు సైజు 145/70 ఆర్12. అందం కోసం అంతకన్నా వెడల్పు టైర్లు వేసుంటే, పవర్ స్టీరింగ్ లేని ఆ బండి పార్కింగ్‌లో బరువుగా ఉండడం జబ్బు కాదు, టైర్ల సంగతి.

బండి ఒకవైపు లాగుతుంటే ముందు టైర్లు రెండూ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూడండి (బాణం గుర్తున్న ఒకే దిశ టైర్లు కాకపోతేనే). లాగే వైపు మారిందంటే తప్పు టైరులో ఉంది. మారకపోతే కాస్త దూరం నడిపి, ఆగాక రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా దగ్గరగా. ఒకటి బాగా కాలుతుంటే ఆ పక్క బ్రేకు వదలడం లేదు. అది స్టీరింగ్ సమస్యలా కనిపిస్తుంది గానీ కాదు. అలాగే ఒక వేగం దగ్గర, మామూలుగా 70, 80 మధ్య, స్టీరింగ్ వణికి ఆ వేగం దాటగానే తగ్గిపోతుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూసుకోవాలి.

లూజు ఎంతుందో కొలవడం

చక్రాలు తిన్నగా పెట్టి, బండి సమంగా ఉన్న నేల మీద నిలపండి. పవర్ స్టీరింగ్ లేకపోతే ఇంజిన్ ఆపి, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్‌లో పెట్టి కొలవాలి. ఇంజిన్ ఆపితే తాళం తీసేయకండి, కాలమ్ లాక్ పడుతుంది. వీల్ అంచు మీద ఒక టేపు ముక్క అంటించి, దానికెదురుగా డ్యాష్‌బోర్డుకి స్కేలు ఆనించి పెట్టండి. కిటికీలోంచి ముందు చక్రాన్ని చూస్తూ, ఒక్క వేలితో వీల్‌ని ఎడమకు తిప్పండి. టైరు కదలబోయే క్షణం దగ్గర ఆపి స్కేలు మీద అంకె చూసుకోండి. తర్వాత కుడికి. రెండిటి మధ్య దూరమే ప్లే.

ర్యాక్ ఉన్న చిన్న కార్లకు అంచు దగ్గర 30 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. బాగున్న ర్యాక్‌లో 10, 15 మి.మీ. మించదు. స్టీరింగ్ బాక్స్ ఉన్న పాత బండ్లలో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది, అది సహజం. చట్టం ఇంకా ఉదారంగా ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ రూలు ప్రకారం స్టీరింగ్ వీల్ మీద ప్లే 30 డిగ్రీలు మించకూడదు. 38 సెం.మీ. వ్యాసం ఉన్న వీల్ మీద అది అంచు దగ్గర దాదాపు 10 సెం.మీ. అవుతుంది. అంత ప్లేతో హైవే ఎక్కితే ప్రాణం అరచేతిలో పెట్టుకున్నట్టే. కాబట్టి ఫిట్‌నెస్‌లో పాసయింది కదా అని ఊరుకోవద్దు. అదే రూలు లింకేజీలో బాల్ జాయింట్లన్నిటికీ (గూట్లో గుండు తిరిగే కీళ్లు) రబ్బరు టోపీలు ఉండాలనీ, బోల్టులకూ పిన్నులకూ లాకింగ్ సరిగ్గా ఉండాలనీ కూడా చెబుతుంది. 15 ఏళ్లు నిండిన కారు ఆర్‌సీ రెన్యువల్‌కి ఫారం 25తో వెళ్లేముందు చినిగిన డస్ట్ కవర్లు చూసుకోవాల్సింది అందుకే.

కొలిచిన అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏది మార్చాక ఎంత తగ్గిందో తెలియాలంటే అదొక్కటే ఆధారం.

లూజు ఎక్కడుంది

జాకీ ఎత్తేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అదే. చక్రాలు నేల మీద, బరువు వాటి మీద ఉండగా తోడున్న మనిషిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ని చిన్నగా, నాలుగు వేళ్ల దూరం అటూ ఇటూ, ఆపకుండా ఊగించమనండి. మీరు కింద, గుంత ఉన్న షెడ్డయితే గుంతలో, ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టి చూస్తూ రావాలి. కన్ను పట్టలేని అర మిల్లీమీటరు లూజుని వేలు పట్టేస్తుంది. వేలు ఎప్పుడూ రెండు ముక్కలూ కలిసే గీత మీద ఉండాలి, సగం ఇటు, సగం అటు.

పైనుంచి కిందికి రండి. మొదట కాలమ్ కింద, పెడల్స్ దగ్గర ఉండే జాయింట్. పై షాఫ్టు కదిలి కింది షాఫ్టు ఒక క్షణం ఆలస్యంగా కదులుతోందంటే ఆ జాయింటో, దాని బిగింపు బోల్టో వదులైంది. బోల్టే అయితే కొత్తది వేసి బిగించడంతో పని అయిపోతుంది. పళ్లు అరిగాక ఆ బోల్టు ఎంత బిగించినా నిలవదు.

తర్వాత ర్యాక్ బాడీ. ఫైర్‌వాల్‌కో క్రాస్ మెంబర్‌కో క్లాంపులతో, మధ్యలో రబ్బరుతో బిగించి ఉంటుంది. స్టీరింగ్ ఊపుతున్నప్పుడు ర్యాక్ గొట్టం మొత్తం పక్కకు జరుగుతోందా? జరుగుతుంటే రబ్బరు నలిగిపోయింది. ఇది చాలా చవకైన రిపేరు, చాలామంది ర్యాక్ మార్చేదాకా కనిపెట్టనిది కూడా. ఆ రబ్బరు నూనె పడి మెత్తబడుతుంది, కాబట్టి పైనుంచి ఇంజిన్ ఆయిల్ కారుతోందేమో చూసి, ముందు దాన్ని ఆపండి.

ఆ తర్వాత ర్యాక్ చివరలు. ముడతల రబ్బరు గొట్టం, బెలోస్ అంటారు, దాన్ని పిండి పట్టుకుంటే లోపల ఇన్నర్ బాల్ జాయింట్ గుండు చేతికి తగులుతుంది. దాన్ని నొక్కి పట్టుకుని ఊపమంటే లూజు ఉన్నది టక్ టక్ మని వేలికి కొడుతుంది. బెలోస్ చినిగి ఉంటే లోపల ఏముందో ఊహించవచ్చు. ఒక్క వానాకాలం చాలు, బురదనీళ్లు వెళ్లి ర్యాక్ మీద తుప్పు పట్టడానికి. తుప్పు పట్టిన ర్యాక్ ముందు గరగరమంటుంది, తర్వాత దాన్ని పట్టుకునే గొట్టం లాంటి బుష్‌ని కోసేస్తుంది.

బుష్ సంగతి విడిగా చెప్పాలి. మనది కుడి చేతి డ్రైవింగ్ కాబట్టి పినియన్ (ర్యాక్ పళ్లను నెట్టే చిన్న పళ్ల చక్రం) కుడిపక్క ఉంటుంది, ర్యాక్‌ని అక్కడ అడ్జస్టర్ పట్టుకుంటుంది. ఎడమ చివర పట్టుకునేది ఒక బుష్ మాత్రమే. అది అరిగితే చెడ్డ రోడ్డు మీద ఎడమ వైపు నుంచి గలగలమని శబ్దం వస్తుంది. ఎడమ టై రాడ్‌ని ర్యాక్ దగ్గర పట్టుకుని పైకీ కిందకీ కదపండి. గొట్టంలో ర్యాక్ ఎగిరెగిరి పడుతుంటే బుష్ పోయింది. స్టీరింగ్ లూజులో దీని వాటా తక్కువే, శబ్దంలో ఎక్కువ.

చివరగా బయటి టై రాడ్ ఎండ్లు. రాడ్ కదిలి నకిల్ చెయ్యి కదలకపోతే ఇక వెతకనక్కర్లేదు. 800లో లూజు ఫిర్యాదులకు ముందు అనుమానించాల్సింది వీటినే, ఆ తర్వాత ఇన్నర్ జాయింట్లని.

చక్రం ఎత్తి చూడడం

హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ముందు ఎత్తి బాడీ కింద స్టాండ్ల మీద దింపండి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి దూరవద్దు, రాయి ఆసరా పెట్టాం కదా అని కూడా వద్దు.

టైరుని గడియారంలో తొమ్మిది, మూడు అంకెల దగ్గర పట్టుకుని ఊపండి. ఆడితే టై రాడ్ వైపు లూజు. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపండి. ఆడితే వీల్ బేరింగో, బాల్ జాయింటో, పాత బండ్లలో నకిల్ తిరగడానికి ఇరుసులా ఉండే కింగ్‌పిన్నో. రెండు రకాలుగానూ ఆడితే బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి. తేల్చుకోవడం సులువు. లోపలి మనిషిని బ్రేకు గట్టిగా తొక్కమని మళ్లీ పన్నెండు, ఆరు దగ్గర ఊపండి. ఆట పోయిందంటే బేరింగ్. అలాగే ఉందంటే బాల్ జాయింట్ లేదా కింగ్‌పిన్.

స్ట్రట్ ఉన్న కార్లలో చక్రం వేలాడుతున్నప్పుడు, నకిల్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్‌కీ నకిల్‌కీ మధ్య సబ్బల్ పెట్టి నెమ్మదిగా పైకి కిందకి నొక్కండి. గుండు గూట్లో ఎగరకూడదు. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీదే కూర్చునే పాత అమరికల్లో మాత్రం చక్రం వేలాడదీసి చూస్తే ఏమీ తెలియదు, స్ప్రింగు ఆ జాయింట్‌ని బిగపట్టి ఉంచుతుంది. అక్కడ జాకీని చక్రానికి దగ్గరగా లోయర్ ఆర్మ్ కిందే పెట్టి ఎత్తి, అప్పుడు టైరు కింద సబ్బల్ వేసి లేపి చూడాలి.

ఇప్పుడు 800 ప్రత్యేకత. దీనిలో లోయర్ ఆర్మ్ ఒక కడ్డీ లాంటిదే. అది ముందుకూ వెనక్కీ పోకుండా పట్టి ఉంచేది స్టెబిలైజర్ బారే (రెండు పక్కలనూ కలిపే అడ్డ కడ్డీ). బారు చివర ఆర్మ్‌లోకి దూరే చోట బుష్‌లు ఉంటాయి. అవి అరిగితే స్టీరింగ్‌లో కొలవడానికి ప్లే ఏమీ ఉండదు, కానీ బండి బ్రేకు కొట్టినప్పుడు ఒకవైపు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు రెండోవైపు వెళ్తుంది. టై రాడ్లన్నీ మార్చినా రోడ్డు మీద బండి పట్టు దొరకడం లేదంటే చూడాల్సింది ఈ బుష్‌లనే. సబ్బల్‌తో ఆర్మ్‌ని ముందుకు నెట్టి చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల సాగుడు సరే, టక్కుమని కొట్టుకుంటే సరికాదు. కొత్తవి వేశాక చివరి బిగింపు బండి నేల మీద ఉన్నప్పుడే చేయండి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండి తొందరగా చిరుగుతుంది.

ముందు ఆకు స్ప్రింగులున్న పాత జీపుల్లో వీటికి తోడు డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి వెళ్లే కడ్డీ), స్ప్రింగు షాకిల్ (స్ప్రింగు చివరి పట్టీ) బుష్‌లు, యు బోల్టులు చూడాలి. యు బోల్టు వదులైతే యాక్సిలే జరుగుతుంది, స్టీరింగ్ భాగాలన్నీ కొత్తవైనా బండి తిన్నగా పోదు. గుంత దాటాక ముందు చక్రాలు ఆగకుండా ఊగిపోతుంటే కింగ్‌పిన్ బేరింగుల బిగింపు పోయిందనుకోండి. అక్కడ పల్చని రేకులు, అంటే షిమ్‌లు తీసి సరిచేస్తారు, స్టీరింగ్ బాక్స్ బిగిస్తే తగ్గదు.

అడ్జస్టర్ ఎప్పుడు ముట్టుకోవాలి

పైవన్నీ బాగుండి, కాలమ్ షాఫ్టు తిరిగినా ర్యాక్ వెంటనే కదలడం లేదని కళ్లారా చూశాకే. బండి ఎప్పుడూ ఎక్కువగా తిన్నగానే పోతుంది కాబట్టి ర్యాక్ మధ్య పళ్లే ఎక్కువ అరుగుతాయి, చివరి పళ్లు దాదాపు కొత్తవిగా ఉంటాయి. మధ్యలో లూజు పోయేదాకా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. మలుపు తిప్పాక వీల్ తనంతట తాను వెనక్కి రాదు. ఇరుకు సందులో తిప్పి వదిలిన వీల్ రాకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

చేసే పద్ధతి ఇది. ముందు చక్రాలు ఎత్తి ఉంచండి. లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్ బోల్టు మీద పెయింట్‌తో గీత పెట్టుకోండి. చుట్టులో ఎనిమిదో వంతు బిగించి, లాక్ నట్ బిగించి, ఒక చివరి నుంచి రెండో చివరి దాకా తిప్పి చూడండి. ఎక్కడైనా బరువు తేడా తగిలితే వెనక్కి వదలండి. తేడా లేకపోతే కొలత తీసి, అవసరమైతే ఇంకో ఎనిమిదో వంతు. పావు చుట్టు దాటినా లూజు తగ్గలేదంటే అది అడ్జస్టర్‌తో పోయేది కాదు, ర్యాక్ మార్చాల్సిందే.

స్టీరింగ్ బాక్స్ మీదుండే స్క్రూకి ఇంకో నియమం ఉంది. వీల్‌ని సరిగ్గా మధ్యలో, తిన్నగా పెట్టే బిగించాలి. బాక్స్ లోపల మధ్య స్థానం కావాలనే కాస్త బిగువుగా తయారుచేస్తారు. పక్కకు తిప్పి ఉన్నప్పుడు లూజు లేకుండా బిగించారంటే మధ్యలోకి రాగానే బాక్స్ పట్టేస్తుంది, లోపలి పళ్లు తినేస్తుంది. ముట్టుకునేముందు ఫిల్లర్ నట్ విప్పి ఆయిల్ చూడండి. సీల్ నుంచి ఎప్పుడో కారిపోయి ఎండిన బాక్సులు ఎన్నో ఉంటాయి. చాలావాటికి 90 నంబరు గేర్ ఆయిల్ సరిపోతుంది. గ్రీజు కుక్కవద్దు, అది పళ్ల దగ్గరికి తిరిగి రాదు.

ఇక బిగుసుకున్న స్టీరింగ్

లూజుకి వేలు ఎలాగో, టైట్‌కి వేరు చేయడం అలాగ. ముందు చక్రాలు రెండూ నేల మీంచి లేపి స్టీరింగ్ తిప్పండి. గాల్లో తేలిగ్గా తిరిగి, నేల మీద మాత్రం బరువుగా ఉంటే తప్పు టైర్లలోనో అలైన్‌మెంట్‌లోనో పవర్ సాయంలోనో ఉంది. గాల్లో కూడా బరువుగానే ఉంటే ఎక్కడో పట్టేస్తోంది.

పట్టేసే చోటుని రెండు ముక్కలు చేయండి. రెండు టై రాడ్ ఎండ్లనీ నకిల్ నుంచి విడదీయండి. ఇప్పుడు వీల్ తిప్పితే బరువుగా ఉందా? అయితే తప్పు ర్యాక్‌లో లేదా కాలమ్‌లో. తేలిగ్గా ఉందా? అయితే ఒక్కో చక్రాన్ని చేత్తో పట్టుకుని ఎడమకీ కుడికీ తిప్పండి. రెండిట్లో ఏది మొరాయిస్తే ఆ పక్క బాల్ జాయింటో స్ట్రట్ బేరింగో.

ర్యాక్, కాలమ్ మధ్య తేల్చాలంటే కింది జాయింట్ బోల్టు తీసి షాఫ్టుని విడదీయాలి. తీసేముందు షాఫ్టుకీ జాయింటుకీ కలిపి ఒక పెయింట్ గీత, లేదంటే బిగించేటప్పుడు వీల్ ఒక పన్ను తేడాగా కూర్చుని ఎప్పుడూ వంకరగా కనిపిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో విడదీశాక వీల్‌ని తిరగనివ్వకండి, లోపలి తిరుగుడు వైరు తెగుతుంది.

ఇవన్నీ విప్పకముందే వీల్ చేతికి చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. నెమ్మదిగా తిప్పుతుంటే ఒక్కో చుట్టుకి రెండుసార్లు బరువు తగిలి, మధ్యలో తేలికవుతుంటే అది కాలమ్ జాయింట్ తుప్పు. ఆ జాయింట్ తీరే అంత, సగం చుట్టుకొకసారి పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, నీళ్లు నిలిచే రోడ్ల మీద తిరిగే బండ్లలో ఇది మామూలే. తుప్పు వదిలించే స్ప్రే కొడితే నాలుగు రోజులు పనిచేస్తుంది, సూదుల్లాంటి బేరింగుల్లో పొడి మిగిలే ఉంటుంది కాబట్టి మళ్లీ పడుతుంది. జాయింట్ మార్చడమే మేలు. ఎప్పుడూ ఒకే స్థానంలో మాత్రం, ఉదాహరణకు ఎడమకు మూడొంతులు తిరిగాక పట్టేస్తుంటే ర్యాక్ వంగిందో, అక్కడే తుప్పు పట్టిందో. మధ్యలో తేలికై చివర్లలో బరువుంటే ఎవరో అడ్జస్టర్ ఎక్కువ బిగించారు.

స్ట్రట్ పై బేరింగ్‌ని పట్టడానికి టైరు పై సందులోంచి స్ప్రింగు చుట్ట మీద అరచెయ్యి ఆనించండి. లోపలి మనిషి స్టీరింగ్ నెమ్మదిగా తిప్పుతుంటే స్ప్రింగు దాంతోపాటు మెత్తగా తిరగాలి. కొంచెం ఆగి, బిగుసుకుని, టంగ్ మని ఒక్కసారి జారి తిరిగితే పై బేరింగ్ ఎండిపోయింది. పార్కింగ్‌లో వీల్ తిప్పేటప్పుడు వినిపించే ఆ స్ప్రింగు మోత దీనిదే. ఈ బేరింగ్ మార్చాలంటే స్ప్రింగు కంప్రెసర్ కావాలి. అది లేకుండా స్ట్రట్ మధ్య నట్ విప్పొద్దు. లోపల నొక్కి ఉన్న స్ప్రింగు ఒక్కసారి ఎగిరితే మొహం మిగలదు.

అంబాసిడర్‌లోనూ పాత జీపుల్లోనూ బరువెక్కడానికి ఎక్కువసార్లు కారణం గ్రీజు లేకపోవడమే. నిప్పుల్స్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) మీద మట్టి తుడిచి, గన్ పెట్టి, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి వచ్చేదాకా కొట్టండి. కింగ్‌పిన్‌కి ఒకసారి చక్రం నేల మీద ఉండగా, ఒకసారి ఎత్తి కొట్టాలి. చక్రం లేచి బరువు తొలగినప్పుడే కింది ఒరుసుకునే ముఖాల మధ్యకి గ్రీజు వెళ్తుంది. నిప్పుల్ తీసుకోకపోతే అది మూసుకుపోయింది, కొత్తది పది నిమిషాల పని. గ్రీజు పట్టింది కదా అని పక్కనున్న మూడింటిని వదిలేసే అలవాటు షెడ్లలో ఉంది, దగ్గర నిలబడి లెక్కపెట్టించుకోండి.

పవర్ స్టీరింగ్ ఉంటే

హైడ్రాలిక్‌లో వరస ఇది: ఆయిల్, బెల్టు, గాలి, ఆ తర్వాతే పంపు. డబ్బాలో ఆయిల్ తక్కువుంటే తిప్పేటప్పుడు కూతలా మూలుగుతుంది. నురగలా, పాలు కలిసినట్టు కనిపిస్తే గాలి దూరింది, పంపుకి వచ్చే వైపు గొట్టం క్లిప్పు చూడండి. అక్కడ ఆయిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పీల్చుకుంటుంది. నల్లబడి కాలిన వాసనొస్తే మార్చేయాలి. డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే పోయండి. చాలా బండ్లు ఏటీఎఫ్ డెక్స్‌రాన్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్ రకం) అడుగుతాయి, కొన్ని కంపెనీలు తమ సొంత ఆయిల్‌నే అడుగుతాయి. బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క పడినా సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 మి.మీ. దగ్గర దిగాలి. వదులైతే పార్కింగ్‌లో కిర్రుమంటుంది, వీల్ ఆగి ఆగి తిరుగుతుంది, వానలో మరీ. గాలి తీయడానికి ముందు చక్రాలు ఎత్తి, ఇంజిన్ ఆపి, వీల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి పది పదిహేనుసార్లు తిప్పుతూ ఆయిల్ తగ్గినప్పుడల్లా పోయండి. బుడగలు రావడం ఆగాక ఇంజిన్ ఆన్ చేసి మరికొన్నిసార్లు. చివరి దాకా తిప్పి అక్కడే అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. పంపు పూర్తి ఒత్తిడి మీద పనిచేస్తూ ఆయిల్‌ని కాల్చేస్తుంది.

ఉదయం స్టార్ట్ చేసిన కాసేపు బరువుగా ఉండి, వేడెక్కాక తేలికయ్యేది, లేదా ఒకవైపు బరువు, రెండోవైపు తేలిక ఉండేది ర్యాక్ లోపలి సీళ్ల, వాల్వు సంగతి. పంపు మార్చినా పోదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఎండలో గంట నడిచాక బరువెక్కేది ఎక్కువగా అరిగిన పంపు.

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో ముందు డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతోందా చూడండి. వెలిగితే స్కానర్ పెట్టించి కోడ్ చదివించాలి, ఊహల మీద మోటారు మార్చకండి. దానికన్నా ముందు బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు, పెద్ద ఫ్యూజు. ఆ మోటారు ఒక్కసారి లాగే కరెంటు ఎక్కువ, నీరసించిన బ్యాటరీ లేదా ఆల్టర్నేటర్‌తో ముందు సాయం తగ్గేది స్టీరింగ్‌కే. నిలబడి ఉన్న బండిలో పదేపదే చివరి దాకా తిప్పితే మోటారు వేడెక్కి, కాలిపోకుండా తనే సాయం తగ్గించుకుంటుంది. పావుగంట ఆగితే వస్తుంది, అది చెడిపోవడం కాదు.

టై రాడ్ ఎండ్ మార్చడం

ఇంట్లోనే చేసుకోదగ్గ పని ఇదొక్కటే. రాడ్ మీద లాక్ నట్‌ని పావు చుట్టు వదులు చేయండి, అంతకన్నా ఎక్కువ వద్దు, పాత స్థానానికి అదే గుర్తు. స్ప్లిట్ పిన్ తీసి, పైన గాట్లున్న క్యాజిల్ నట్‌ని పూర్తిగా తీయకుండా చివరి మర మీద ఉంచండి, ఎండ్ ఊడి మీద పడకుండా. పుల్లర్ పెట్టి లాగండి. పుల్లర్ లేకపోతే నకిల్ చెవికి ఒకపక్క బరువైన సుత్తి ఆనించి, రెండోపక్క ఇంకో సుత్తితో కొడితే లోపల బిగుసుకున్న కోన్ కాడ వదులుతుంది. బోల్టు మర మీద కొట్టకండి, కొత్తది వేసేదే కదా అనుకున్నా నట్ ఇక విప్పడానికి రాదు.

పాతది విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. నట్ బిగింపు మాన్యువల్‌లో చూసుకోండి, చిన్న కార్లలో సాధారణంగా 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్ ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి వదిలి కలపకూడదు. పిన్ ఎప్పుడూ కొత్తదే వేయండి, తీగ ముక్కతో సరిపెట్టకండి. రెండో పక్క ఎండ్‌లో కూడా కాస్త ఆట ఉంటే దాన్నీ ఇప్పుడే మార్చేస్తే రెండోసారి అలైన్‌మెంట్ ఖర్చు తప్పుతుంది. ఆటోనగర్‌లో చవక ఎండ్లు చాలా దొరుకుతాయి. కొనేముందు చేత్తో గుండు తిప్పి చూడండి, గట్టిగా, సమంగా తిరగాలి. పెట్టెలోంచి తీసినప్పుడే గలగలలాడేది డబ్బు దండగ.

అలైన్‌మెంట్‌కి వెళ్లేదాకా నెమ్మదిగా నడపండి. అక్కడ టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న తేడా) సరిచేసేటప్పుడు స్టీరింగ్ వీల్ తిన్నగా కట్టి ఉంచమని చెప్పండి, రెండు రాడ్లూ సమంగా తిప్పమనండి. ఒక్క పక్కే తిప్పి అంకె కుదిర్చితే రోడ్డు మీద వీల్ వంకరగా ఉంటుంది.

బండి తీయకూడని స్థితులు కొన్ని ఉన్నాయి. నిన్నటిదాకా లేని లూజు ఒక్కరోజులో వచ్చినా, గుండు గూట్లోంచి కంటికి కనిపించేలా ఎగురుతున్నా, తిప్పిన వీల్ ఒకచోట చిక్కుకుని వదిలినా షెడ్డు దాకా నడిపించవద్దు, టోయింగ్ బండి పిలిపించి తీసుకెళ్లండి. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది, అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి వినదు.

పని అయ్యాక 100 కిలోమీటర్ల దగ్గర లాక్ నట్లు, క్యాజిల్ నట్లు, కాలమ్ జాయింట్ బోల్టు మరోసారి పానా పెట్టి చూసి, ప్లే మళ్లీ కొలిచి, మొదట రాసుకున్న అంకె పక్కన రాసి పెట్టుకోండి.